గట్టెక్కిన ఆడవాళ్ళు

కౌలూన్, తుఫాను రేవు
20 ఫిబ్రవరి 1983

అన్నయ్యా,

కొత్త సంవత్సరం వెళ్ళి వారమే అయింది కాబట్టి ముందు మంచిమాట. నువ్వు బాగుచేసిన ఇంజన్లు మళ్ళీ నీ దగ్గరికి రాకుండా తిరగాలి. వదిన మోకాలినొప్పి పాత సంవత్సరంతోనే పోవాలి.

నేను పడవెక్కి వచ్చేసి రెండేళ్ళు దాటింది. ఒక్క ఉత్తరం రాయలేదని తిట్టుకునే ఉంటావు. తిట్టు. గట్టుమీద బియ్యం కొట్టు లియూ తాత తన కొట్టు పేరుతో ఉత్తరాలు తెప్పించుకోమని ఈమధ్యే ఒప్పుకున్నాడు. జవాబు అక్కడికే రాయి.

నీ మేనకోడలి పేరు మేయ్‌హో. ఏప్రిల్ వస్తే రెండేళ్ళు. మేము కాపురముంటున్న ఈ పడవలోనే పుట్టింది. రేవంతా ఏడో అత్త అని పిలిచే పక్క పడవ పెద్దావిడ పురుడు పోసింది. పిల్లకి అచ్చం నీ చెవులే, గాలొస్తే ఎగిరిపోతుందేమో అన్నట్టుంటాయి. మీ బావ లోయ్‌షెంగ్ పెద్ద ఓడలనుంచి సరుకు దింపే పనికి పోతున్నాడు. తాగడని చెప్పను, తక్కువ తాగుతాడు.

తుఫానుకి తలదాచుకునే ఈ రేవులో పడవలు ఎంత ఇరుకుగా కట్టి ఉంటాయంటే, మా పొయ్యిమీద ఉడికే చేపజావని పక్క పడవవాళ్ళు కూర్చున్న చోటినుంచే గిన్నెలోకి వంపుకోవచ్చు. మొన్న వంపుకున్నారు కూడా.

ఒక్క సంగతి. వచ్చిన రోజునుంచీ నేను గట్టెక్కలేదు. మీ బావ ఎక్కనివ్వడు. ఎందుకో ఉత్తరంలో రాయడం మంచిది కాదు. బెంగపెట్టుకోకు.

నీ చెల్లెలు
కామ్‌టై

---

హోయ్‌ఫుంగ్ జిల్లా, మన ఊరు
10 మార్చి 1983

కామ్‌టై,

బెంగపెట్టుకోకు అన్న మాట చదివి బెంగపెట్టుకోని అన్న ఉంటాడా? నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపిస్తే చేతిలో చేటని నేలకేసి కొట్టింది.

పెళ్ళినాడు ఆ లోయ్‌షెంగ్ ఆవిరిచేప మూడుసార్లు వడ్డించుకుని, నా చెయ్యి పట్టుకుని, "మీ చెల్లెల్ని పువ్వులా చూసుకుంటాను బావా" అన్నాడు. అందుకేనా నీళ్ళలో పెట్టి చూసుకుంటున్నాడు? పెళ్ళాన్ని రెండేళ్ళు నేలమీద కాలు పెట్టనివ్వని మొగుణ్ణి ఏమంటారో నాకు తెలుసు. ఈ ఉత్తరం వాడికే చదివి వినిపించు. నా దగ్గర ఓడ ఇంజను బోల్టులు విప్పే రెంచీ ఉంది, వాడి మోకాళ్ళకి సరిపోతుందని చెప్పు.

కొడుతున్నాడా? ఇంకో ఆడది ఉందా? దాచకు. పిల్లని తీసుకుని వచ్చెయ్. నీ మంచంమీద ఎండబెట్టిన చిలగడదుంపల్ని మీ వదిన అప్పుడే తీసేసింది.

మీ అన్న
తిన్‌యౌ

---

తుఫాను రేవు
24 ఏప్రిల్ 1983

రెంచీ అన్నయ్యకి,

నీ ఉత్తరాన్ని నేను చదివి వినిపించే అవసరం రాలేదు. మీ బావే కొట్టుకెళ్ళి తెచ్చుకున్నాడు. ఆయనకి చదువు రాదు కదా. "మా బావ ఏం రాశాడో చదివిపెట్టు తాతా" అన్నాడట. లియూ తాతకి చెవుడు, అందుకని గట్టిగా చదువుతాడు. కొట్టునిండా జనం. మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఈయన మోకాళ్ళకేసే చూశారట. అప్పట్నుంచి రేవులో ఆయన పేరు 'నీళ్ళలో పువ్వు'. రెండు రోజులు నామీద విసుక్కున్నాడు. మూడోరోజు తనే నవ్వేశాడు.

ఇక దాచను. ఎవరు విప్పి చదువుకుంటారో చదువుకోనీ.

ఒకప్పుడు మన వైపునుంచి ఎవరు వచ్చినా, దారిలో దొరక్కుండా పట్నం లోపలికి చేరుకుంటే గుర్తింపు కార్డు ఇచ్చేవాళ్ళు. మన ఊరి వడ్రంగి కొడుకు అలాగే ఇక్కడివాడయ్యాడు. ఎనభై అక్టోబరులో ఆ తలుపు మూసేశారు. నేను వచ్చింది తర్వాతి జనవరిలో. ఇప్పుడు వీధిలో ఎవర్నైనా పోలీసు ఆపి కార్డు అడుగుతాడు. లేదంటే ఠాణా, అక్కణ్ణుంచి లారీ, సరిహద్దు దాటించి షెంజెన్‌లో దింపేస్తారు. మొగుడున్నా సరే, పిల్లలున్నా సరే. మీ బావ ఇక్కడివాడు కాబట్టి మేయ్‌హోకి తండ్రివైపునుంచి కాగితం ఉంది. నాకు లేదు. పడవలమీద మాత్రం చూసీచూడనట్టు పోతారు. అందుకే ఆయన ఎక్కనివ్వడు.

ఊరు నిండిపోయిందట. రేడియోలో ఇక్కడి ఇంగ్లీషు సర్కారువాళ్ళు రోజూ అదే మాట, చోటు లేదు, ఇళ్ళు లేవు, ఇంకొకరు పట్టరు అని. నిజమే, కొండలమీద కూడా రేకుల గుడిసెలే. కానీ నేనేం ఆక్రమించాను అన్నయ్యా? వాళ్ళ నేలమీద నా పాదమంత చోటైనా తీసుకోలేదే!

నాలాంటివాళ్ళం ఈ రేవులో పదిమందిమి ఉన్నాం. పడవపెళ్ళాలు అంటారు మమ్మల్ని. సాయంత్రాలు ఒకే పడవలో చేరి రొయ్యలు వలుస్తాం, గట్టుమీద నడిచేవాళ్ళ చెప్పులకి వంకలు పెడతాం.

నేను రాను. నన్ను ఎవరూ కట్టెయ్యలేదు. నేనే ఉన్నాను.

కామ్‌టై

---

మన ఊరు
8 జులై 1983

చెల్లీ,

మీ బావకి, అదే, మా బావకి నా క్షమాపణలు. రెంచీ పెట్టెలో పెట్టేశాను.

అయినా ఇలా ఎంతకాలం? దొడ్డిదారి మూసేస్తే వీధి తలుపు ఉంటుంది కదా. అందుకని జిల్లా ఆఫీసుకి వెళ్ళాను. మొగుళ్ళు అక్కడున్న ఆడవాళ్ళకి ఇక్కణ్ణుంచి అనుమతి కాగితం ఇస్తారు. రోజుకి కొద్దిమందికే, ఏళ్ళు పడుతుంది, కానీ ఇస్తారు. నీ పేరు, పుట్టిన తేదీ, అడ్రసు, అన్నీ రాయించి వచ్చాను. అక్కడి అధికారి హౌ నాకంటే చిన్నవాడు, నన్ను నిలబెట్టే మాట్లాడాడు.

"పారిపోయిన మనిషికి కాగితమా? ముందు వెనక్కి రమ్మను. తప్పయిందని రాసిమ్మను. తర్వాత ఆలోచిద్దాం" అన్నాడు. బయటికి వస్తుంటే ఇంకోమాట చెవిలో వేశాడు. "షెంజెన్ రేవు వర్కుషాపుకి నిన్ను పంపుతున్నారట కదా. చెల్లెలి సంగతి తేలకపోతే అక్కడ నిన్ను పెద్దని చెయ్యరు" అని.

దాచకుండా రాస్తున్నాను. వచ్చే నెల షెంజెన్ వెళ్తున్నాను. నువ్వు వచ్చి ఆ ఒక్క కాగితం రాసిస్తే అందరికీ మంచిది. ఆలోచించు.

తిన్‌యౌ

---

తుఫాను రేవు
15 సెప్టెంబరు 1983

అన్నయ్యకి,

ఈసారి వదిన ఎలా ఉందని అడగడం లేదు, ఇంజన్ల సంగతీ అడగడం లేదు.

పోయిన వారం పెద్ద తుఫాను. పడవలు ఖాళీ చేసి అందరూ స్కూలుకి వెళ్ళాలని లౌడ్‌స్పీకర్లో అరిచారు. స్కూలు గేటు దగ్గర కార్డు చూసి లోపలికి వదులుతున్నారు. కార్డున్నవాళ్ళు వెళ్ళారు. మేయ్‌హోని ఏడో అత్త చంకనేసుకుని వెళ్ళింది. అది నా జాకెట్టు వదలనంటే నేనే వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాను. లేనివాళ్ళం పడవల్లోనే ఉన్నాం. మొగుళ్ళు కూడా మాతోనే ఉండిపోయారు.

లాన్‌హింగ్ అని నీకు రాయలేదు. మా అందరిలో చిన్నది, పెళ్ళయి ఏడాది కాలేదు, నవ్వితే ముక్కుతో సహా నవ్వేది. మా పడవ దాని పడవమీదికి ఒరుగుతుంటే వెదురు గెడతో తోస్తోంది. కాలు జారింది. రెండు పడవల మధ్య పడింది. మీ బావ దూకాడు. పైకి తీశాం గాని ప్రాణం లేదు. స్కూలు గేటు అక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది అన్నయ్యా. లోపల దీపాలు కూడా కనిపిస్తున్నాయి.

తుఫాను వెళ్ళిన రెండోరోజు పోలీసు లాంచీ వచ్చింది. ఎప్పుడూ లేనిది, పడవ పడవా ఎక్కి ఎవరెవరని అడిగారు. మేము బియ్యం బస్తాల వెనక దాక్కున్నాం. రెండు నెలల క్రితం నువ్వు మా అడ్రసు రాయించి వచ్చావు. ఇప్పుడు లాంచీ వచ్చింది. వర్కుషాపు పెద్దవయ్యావా?

రేపు లాన్‌హింగ్‌ని పాతిపెట్టడానికి కొండమీదికి తీసుకెళ్తారు. మొగుడు తప్ప దాని వాళ్ళంటూ ఇక్కడ ఎవరూ లేరు, మేమే. మగవాళ్ళు వద్దంటున్నారు. తొమ్మిదిమందిమీ కూర్చుని మాట్లాడుకున్నాం. పట్టపగలు, పెట్టె వెనకాల, తలలకి తెల్లగుడ్డ కట్టుకుని గట్టెక్కుతున్నాం. దాక్కుని సాగనంపం.

జవాబు రాయకు.

కామ్‌టై

---

మన ఊరు
12 అక్టోబరు 1983

అన్నయ్యా,

జవాబు రాయకు అన్నదాన్ని నేనే రాస్తున్నాను. ఉత్తరం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూశావు కదా. నీ ఇంట్లో, నీ బల్లమీద.

ఆ రోజు మెట్లెక్కాం. రెండున్నరేళ్ళ తర్వాత నేల తగిలితే అది కదులుతున్నట్టే ఉంది, నేనూ ఇంకో ఇద్దరూ తాగినవాళ్ళలా తూలాం. ఏడో అత్త ముందు నడిచింది. వీధిలో జనం ఆగిపోయారు. కొట్లవాళ్ళు బయటికొచ్చారు, లియూ తాత టోపీ తీశాడు. కొండదారి మొదట్లో పోలీసులు. కుర్ర పోలీసు ఒకడు నా దగ్గరికొచ్చి "కార్డు" అన్నాడు.

"లేదు. ముందు మా మనిషిని పాతిపెట్టనివ్వు. తర్వాత నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాం" అన్నాను.

వాడు వాళ్ళ పెద్దకేసి చూశాడు. ఆయన టోపీ సర్దుకుని అటు తిరిగి నిలబడ్డాడు. పైకెళ్ళాం, మట్టి వేశాం, కిందికొచ్చాం. లారీ సిద్ధంగా ఉంది. ఎవరూ పరిగెత్తలేదు.

ఆఫీసులో ఒక్కొక్కరినీ పిలిచి కాగితం పెట్టారు. నేను చదవగలనని అక్కడి అధికారి అనుకోలేదు. 'దొంగతనంగా వచ్చాను, నా ఇష్టపూర్వకంగా వెనక్కి వెళ్తున్నాను' అని ఉంది. వేలిముద్ర వెయ్యమన్నాడు.

"పంపండి, ఆపలేను. ఇష్టంతో వెళ్తున్నానని మాత్రం రాయకండి" అన్నాను.

"వేలిముద్ర వేసినా వెయ్యకపోయినా వెళ్ళేది అదే లారీలో" అన్నాడు.

"అయితే నా వేలితో మీకేం పని?" అన్నాను.

తొమ్మిదిమందిలో ఒక్కరమూ వెయ్యలేదు. మేయ్‌హో ఏడో అత్త దగ్గర ఉంది. లారీ కదిలేముందు చూపించలేదు. అడిగాను, చూపించలేదు.

ఇంకోటి. ఇక్కడికి రాగానే నన్ను హౌ పిలిపించాడు. నువ్వు రాయించిన కాగితం బల్లమీదే ఉంది. అందులో ఉన్న అడ్రసు ఈ ఇంటిది. పడవ ఊసే లేదు. లాంచీ తుఫాను చావు విచారించడానికి వచ్చిందట, అది మీ బావ కబురుచేశాడు. నీకు రాసిన మాట గుర్తొస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. వదిన నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

కామ్‌టై

---

షెంజెన్ రేవు
5 నవంబరు 1983

చెల్లీ,

అడ్రసు సంగతి వదిలెయ్. నేను సరిగ్గా రాయలేదు, నువ్వు సరిగ్గా చదవలేదు. అంతే.

నాకు కోపం ఇప్పుడొచ్చింది. వదిన రాసింది. హౌ కాగితం, కలం నీ ముందు పెడితే నువ్వు వెనక్కి తోశావట. అక్కడ వేలిముద్ర వెయ్యలేదు, సరే, అది పరాయి సర్కారు. ఇక్కడ 'తప్పయింది' అని రెండు మాటలు రాస్తే నీ సొమ్మేం పోయింది? అవతల పిల్ల ఏడో అత్త కొంగు పట్టుకుని తిరుగుతోంది. పౌరుషం పాలు పడుతుందా దానికి? రేపు నీ కూతురు "నాకోసం రెండు మాటలు రాయలేకపోయావా అమ్మా" అంటే ఏం చెప్తావు?

రాసెయ్. మనసులో ఏమనుకున్నా రాసెయ్. నేను అలాంటివి ఎన్ని రాయలేదు, ఊరందరిచేతా తప్పులు ఒప్పించిన ఆ రోజుల్లో? రాసి ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ణి.

తిన్‌యౌ

---

మన ఊరు
1 డిసెంబరు 1983

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు అన్నం సయించలేదు. పిల్ల పేరెత్తి కొట్టావు. అంతకంటే గట్టి దెబ్బ నీ రెంచీ కూడా కొట్టలేదు.

నాలుగోరోజు జిల్లా ఆఫీసుకి వెళ్ళి కాగితం అడిగాను. హౌ సంతోషించాడు, టీ కూడా ఇప్పించాడు. అక్కడే కూర్చుని రాశాను. ఏం రాశానో నీకూ రాస్తున్నాను:

'నేను 1981 జనవరిలో నా మొగుడి పడవెక్కి మొగుడితో వెళ్ళాను. అడగకుండా వెళ్ళాను. అడిగితే పంపరని అడగలేదు. తప్పయిందని రాయమంటున్నారు. మొగుడి దగ్గర ఉండటం, బిడ్డని కనడం తప్పని నేను రాయలేను. అవి తప్పయితే పెళ్ళి రిజిస్టరు చేసిన ఈ ఆఫీసుది కూడా తప్పే. ఈసారి అడిగి వెళ్తాను. అందుకే అడుగుతున్నాను. సూ కామ్‌టై.'

చదివి టీ కప్పు వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే తాగేశాను.

నువ్వు రాసి ఇంటికొచ్చి అన్నం తినేవాడివి, నిజమే. ఆ రాత్రుళ్ళు ఎవరితోనూ మాట్లాడేవాడివి కాదు. పక్కగదిలో నేనుండేదాన్ని.

కామ్‌టై

---

షెంజెన్ రేవు
20 ఫిబ్రవరి 1984

చెల్లీ,

పండక్కి వచ్చినప్పుడు నీతో చెప్పని సంగతి ఇది. తిరిగి వెళ్తూ దారిలో జిల్లా ఆఫీసు దగ్గర దిగాను. నా జేబులో నేను రాసిన క్షమాపణ ఉంది. 'మా చెల్లెలికి బుద్ధి తక్కువ, తన తరఫున నేను తప్పు ఒప్పుకుంటున్నాను' అని. నీకు తెలియకుండా ఇచ్చేసి, నిన్ను గట్టెక్కిద్దామనుకున్నాను.

వెళ్ళేసరికి హౌ స్నేహితులతో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. నన్ను చూడగానే నీ కాగితం తీసి, ఆడగొంతు పెట్టి చదివాడు. 'పెళ్ళి రిజిస్టరు చేసిన ఈ ఆఫీసుది కూడా తప్పే' దగ్గర ఒకడు కుర్చీలోంచి జారిపోయేలా నవ్వాడు. నేనూ నవ్వాలని చూశాడు హౌ. అలవాటుకొద్దీ నా పెదవులు సాగాయి కూడా. అంతలోనే ఒళ్ళు మండిపోయింది.

"అందులో అబద్ధం ఎక్కడుందో చూపించండి" అన్నాను.

"ఏంటీ?"

"మా చెల్లెలు రాసినదాంట్లో అబద్ధం ఒక్కటి చూపించండి. చూపించలేకపోతే పై ఆఫీసుకి పంపండి."

"నువ్వు షెంజెన్‌లో పనిచేస్తున్నావు. నోరు జాగ్రత్త" అన్నాడు.

"నోరు ఇన్నాళ్ళూ జాగ్రత్తగానే పెట్టుకున్నాను. మీరు ఆ కాగితం జాగ్రత్తగా పెట్టుకోండి. నెలకోసారి వచ్చి, ఉందో లేదో చూసి వెళ్తాను" అన్నాను.

బయటికొచ్చి నా క్షమాపణ చించేశాను. వర్కుషాపు పెద్దగా నిన్న ఇంకెవరినో వేశారు. మంచివాడే, ఇంజన్లంటే భయం, ప్రతిదానికీ నన్నే పిలుస్తాడు.

వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను.

తిన్‌యౌ

---

మన ఊరు
30 ఆగస్టు 1984

అన్నయ్యా,

మీ బావ పిల్లని తీసుకుని వచ్చి వెళ్ళాడు. మేయ్‌హో నన్ను "అత్తా" అంది. ఏడో అత్త, ఎనిమిదో అత్త, నేనూ ఇంకో అత్త. రెండోరోజు నా పక్కలో పడుకుంది. మూడోరోజు వాళ్ళు వెళ్ళాల్సిన రోజు.

"పడవ సిద్ధంగా ఉంది. అడుగున దాక్కో. పాత బతుకే బతుకుదాం" అన్నాడు ఆయన.

"బియ్యం బస్తాల వెనకాల?" అన్నాను.

"ఇంతకుముందు ఉండలేదా?"

"ఇంతకుముందు లాన్‌హింగ్ కూడా ఉండేది" అన్నాను.

ఆయన ఏడ్చాడు, తర్వాత అరిచాడు, పిల్లని ఎత్తుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. రేవుదాకా వెళ్ళాను. పడవ తాడు నా చేతికి అందేంత దగ్గర్లో ఉంది. ఎక్కలేదు. మొండిదాన్నో, రాక్షసినో తెలియడం లేదు. నువ్వు తిట్టకు. రెండు రోజులుగా వదిన పక్కన పడుకుంటున్నాను.

నెలనెలా నువ్వు జిల్లా ఆఫీసుకి వెళ్ళడం మానకు.

కామ్‌టై

---

కౌలూన్
19 మే 1985

అన్నయ్యా,

చేరాను. సరిహద్దు వంతెనమీద నడిచి, వీధి తలుపులోంచి చేరాను. నువ్వు అవతల కంచె దగ్గర చెయ్యి ఊపుతూ నిలబడటం చూశాను గాని, వెనక జనం తోస్తున్నారు, తిరిగి ఊపలేకపోయాను.

కాగితం ఎందుకిచ్చారో నాకిప్పటికీ తెలియదు. నీ గొడవ పడలేక ఇచ్చారని వదిన అంటుంది. హౌకి బదిలీ అయి, వచ్చినాయన పాత కట్టలన్నీ వదిలించుకున్నాడని నువ్వంటావు. తొమ్మిదిమందిలో ఇప్పటికి నలుగురం వచ్చాం. మిగతా ఐదుగురికోసం వాళ్ళ మొగుళ్ళని వెంటబెట్టుకుని ఇక్కడి ఆఫీసుకి ప్రతి సోమవారం వెళ్తున్నాం. గుమాస్తా మమ్మల్ని చూడగానే కిటికీ మూస్తాడు. మేము కిటికీ కిందే కూర్చుని అన్నం డబ్బాలు విప్పుతాం. ఉప్పుచేప వాసనకి వాడే మళ్ళీ తెరుస్తాడు.

మీ బావ మొదటి రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడోరోజు ఆవిరిచేప చేశాను. వడ్డించబోతే "నేను వడ్డించుకుంటాను" అన్నాడు, ఎన్నిసార్లు వడ్డించుకున్నాడో నువ్వే ఊహించుకో. మేయ్‌హో ఇంకా పూర్తిగా అమ్మా అనదు. అవసరమైనప్పుడు అంటుంది. జడ వెయ్యాలన్నా, కుక్క తరిమినా.

నా కార్డు వచ్చి పది రోజులైంది. ఫోటోలో దొంగలా ఉన్నానని ఏడో అత్త అంది. నిన్న పిల్లని తీసుకుని బజారుకి వెళ్ళాను. చేపల అంగడి దగ్గర ఒక పోలీసు ఆపాడు. కార్డు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చాడు. తిరిగి వస్తుంటే బస్సుల దగ్గర ఇంకొకడు. వీడు ఇంకా కుర్రవాడు.

"కార్డు చూపించండి" అన్నాడు.

తీసి వాడి చేతిలో పెట్టాను. చూసి ఇచ్చాడు. వెళ్ళబోయాడు.

"ఆగు. ఇప్పుడు నీది" అన్నాను.

"ఏంటి?"

"నీ కార్డు. నువ్వెవరో నాకెలా తెలుస్తుంది?"

నవ్వాడు. నేను నవ్వలేదు. మేయ్‌హో కూడా నవ్వలేదు, నా చెయ్యి పట్టుకుని వాడి జేబుకేసి చూస్తూ నిలబడింది. క్యూలో ఉన్నవాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి కార్డు తీసి చూపించాడు.

చదివాను. తొందరపడకుండా, ఒక్క అక్షరం వదలకుండా చదివి, సరే వెళ్ళు అన్నాను.

కామ్‌టై